గ్లాసు నేనే కడిగి పెడతానండీ

ముందుగదిలో కుట్టుమిషన్ దగ్గర వదిన. కాలేజీ నుంచి అప్పుడే వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడిన ఆడపడుచు.

"ఏంటే, మళ్ళీ అను?"

"చెప్పులు ఎక్కడ విడవమంటారండీ అన్నాను."

"నా నెత్తిమీద విడువు. పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ ఎక్కడ విడుస్తున్నావో అక్కడే విడువు. ఏంటలా పట్టుకుని నిలబడ్డావు? కొత్తవి కొన్నావా, చూపించడానికా?"

"పాతవేనండీ. మీకు అడ్డం లేకుండా ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను."

"ఈ ఇంట్లో పెద్ద అడ్డం నువ్వే. నిన్నెక్కడ పెట్టను? రా లోపలికి. ఈ ప్యాంటు అంచు ఒక్కటే మిగిలింది, కుట్టేసి టీ పెడతా."

"లోపలికి రావచ్చాండీ?"

"ఓహో. కోపమా? పొద్దున దుప్పటి లాగేశాననా?"

"కోపం ఎందుకండీ? మీరు బాగానే చూసుకుంటున్నారు."

"చూసుకుంటున్నానా! విన్నావటే మిషనూ, బాగానే చూసుకుంటున్నానట. ఒసేయ్, ఒంట్లో ఎలా ఉంది? ఇలా రా, నుదురు చూడనీ."

"జ్వరమేం లేదండీ."

"లేదు, చల్లగానే ఉంది. మరేంటి ఈ అండీ? మీ అన్నయ్యనే ఏనాడూ అండీ అనలేదు నువ్వు. ఇవాళ సోషియాలజీలో పాఠం ఏం చెప్పారు? అద్దమాయనా, ఆత్మహత్యలాయనా?"

"మీకు వాళ్ళందరూ తెలుసాండీ?"

"తెలుసాండీ అట! నా మిషన్ పక్కన కూర్చుని పెద్దగొంతేసుకుని చదివేదెవరే? బాబిన్‌లో దారం అయిపోతుంది గానీ నీ పాఠం అవదు. ఎదుటివాళ్ళ కళ్ళే మన అద్దం అన్నాయన అద్దమాయన. మనిషి ఉరేసుకున్నా అందులో సమాజం చెయ్యి ఉంటుందన్నాయన ఆత్మహత్యలాయన. ముందుగదిలో ఒక మొహం, వంటింట్లో ఇంకో మొహం అన్నాయన నాటకమాయన. ఇక మీ క్లాసు గోడమీద ఫోటోలో ఉండే గడ్డమాయనకి ప్రపంచంలో ఉన్నది రెండే జట్లు, పని చేసేవాళ్ళూ చేయించేవాళ్ళూ. నేను మొదటి జట్టు. పరీక్ష రాయమంటావా?"

"రాస్తే మీరే ఫస్టండీ."

"మళ్ళీ అండీ! సరే, ఇంకో సంగతి. ఎవడే వాడు?"

"ఎవరండీ?"

"ఎవడో ఉన్నాడు. వాళ్ళమ్మకి మర్యాదలంటే పిచ్చి. నా మీద ప్రాక్టీసు చేస్తున్నావు. అవునా, కాదా?"

"అలాంటిదేం లేదండీ. ఈ కుర్చీలో కూర్చోవచ్చాండీ?"

"దానిమీద పిన్నుల డబ్బా ఉంది, తీసి కూర్చో. పరీక్ష పోయిందా? పోతే పోనీ, నేనేమన్నా అంటానా? ఆ ఫ్లాస్కు ఇలా ఇవ్వు. ఖాళీయేనా? మీ కాలేజీ గేటు తాతకి ఇవాళా పోశావా?"

"పోశానండీ."

"అందుకే ఒక గ్లాసు ఎక్కువ పోసి పంపిస్తున్నా. పాపం, ముసలాయన. ఫ్లాస్కు అలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావేంటే, బస్సులో కూర్చున్నట్టు?"

"ఏం లేదండీ. కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా?"

"వంటిల్లు అటుంది."

"మీ వంటింట్లోకి నేనెలా వస్తానండీ?"

"నా వంటిల్లా! ఇదిగో చూడు, నాకు నవ్వు అయిపోయింది, ఇక ఒళ్ళు మండుతుంది. ఉండు, తెస్తా... ఇదిగో, తాగు. తాగి మనిషిలా మాట్లాడు."

"చల్లగా ఉన్నాయండీ. మీరు తీసుకోకండి, గ్లాసు నేనే కడిగి పెడతానండీ."

"ఏమన్నావు?"

"గ్లాసు నేనే కడిగి పెడతానండీ, అన్నాను."

"ఎవరు చెప్పారు నీకు?"

"వదినగారూ, కత్తెర కిందపడింది. కాలిమీద పడిందా?"

"కత్తెర సంగతి వదిలెయ్. ఆ మాట నీకెవరు చెప్పారు?"

"ఏ మాటండీ?"

"అన్నీ అవే మాటలు. చెప్పులెక్కడ విడవను, లోపలికి రావచ్చా, కూర్చోవచ్చా, మంచినీళ్ళిప్పిస్తారా. వరస కూడా తప్పలేదు. వచ్చినప్పట్నించీ నాతో ఆడుకుంటున్నావన్నమాట. నేను పిచ్చిదానిలా జ్వరం చూస్తున్నా."

"ఎందుకలా అనుకుంటున్నారో మీరే చెప్పండి."

"నిన్ను కలిశాడా?"

"మీరే చెప్పండి."

"కలిశాడు. ఎప్పటికైనా కలుస్తాడని నాకు తెలుసు. నీకు తెలిసిందని మీ అన్నయ్యకి తెలుసా? తలుపు దగ్గరికి వెయ్యి. నామీద ఏం చెప్పాడు? తిట్టాడా? తిట్టి ఉండడు. ఆ రోజే తిట్టలేదు."

"ఏ రోజండీ?"

"అబ్బా, అండీ అనకే! నువ్వు ఇంటర్ ఆఖరి పరీక్షకి వెళ్ళిన రోజు. అక్కడే నిలబడ్డాడు, ఇందాక నువ్వు నిలబడ్డచోటే, ఇలాగే చెప్పులు చేత్తో పట్టుకుని. ఆ గుమ్మం ఆయన పెట్టించిందే. అందులో నిలబడి, కోడల్ని పట్టుకుని లోపలికి రావచ్చాండీ అని అడిగితే, నేనేమనాలి? నువ్వే చెప్పు. నేనేమనాలి?"

"ఎవరు?"

"ఇంకా ఎవరంటావేంటే? మీ నాన్న."

"వదినా."

"తిట్టు. నువ్వన్నా తిట్టు."

"వదినా, ఇది హోంవర్క్."

"ఏంటి?"

"హోంవర్క్ వదినా. మా మేడమ్ ఇచ్చింది. మీ ఇంట్లో మీరే అద్దెకొచ్చినవాళ్ళలా ఒక అరగంట ఉండండి, ఏం జరుగుతుందో చూసి రండి అంది. ఇంట్లో రాయని రూల్స్ ఉంటాయట. ఎవరూ చెప్పరు, అందరూ పాటిస్తారు. ఒక్కటి తప్పి చూడండి, ఎదుటివాళ్ళు కంగారుపడి కారణం వెతుక్కుంటారు. ఆ వెతుక్కున్న కారణంలో వాళ్ళే బయటపడతారు, మీరేం మాట్లాడొద్దు, 'మీరే చెప్పండి' అనండి చాలు అంది. క్లాసంతా నవ్వుకున్నాం. మా ఫ్రెండు వాళ్ళమ్మ చెంప పగలగొడుతుందని పందెం కూడా వేశారు."

"హోంవర్కా."

"నాన్న వచ్చాడా? మనింటికి? ఈ గుమ్మంలోకి?"

"కాదు, ఆగు. నాకేదో... నేను వేరే ఎవరి సంగతో..."

"మీ నాన్న అన్నావు వదినా. ఇప్పుడే అన్నావు."

"టీ పెడతా."

"కూర్చో. ఇంకో సంసారం పెట్టుకుని పోయాడన్నారు కదా నాన్న. ఇల్లు తలుచుకోలేదన్నారు. ఏడో క్లాసులో ఆయన ఫోటోలన్నీ నేను చింపాను. ఒక్కటి కూడా మిగల్చలేదు. నువ్వు పక్కనే కూర్చుని ఉన్నావు. మంచిపని చేశావన్నావు. ముక్కలు నువ్వే ఊడ్చి ఎత్తావు."

"ఊడ్చాను."

"అప్పటికే తెలుసా, అబద్ధమని?"

"తెలుసు."

"మరి ఎక్కడున్నాడు ఇన్నేళ్ళూ?"

"మీ అన్నయ్య వచ్చాక అడుగు."

"నిన్నే అడుగుతున్నా. అమ్మ లేని నాకు అన్నం పెట్టింది నువ్వు. జ్వరమొస్తే పక్కన పడుకున్నది నువ్వు. నువ్వు చెప్పు."

"జైల్లో. కొన్నాళ్ళు. అంటే, వ్యాను... పరాయి ఊళ్ళో, వ్యాను కింద ఒకతను పడ్డాడు. సైకిలతను. పోయాడు. అప్పుడు నీకింకా మాటలు కూడా సరిగ్గా రావు."

"నాన్నకి డ్రైవింగ్ వచ్చా?"

"అదేం ప్రశ్నే?"

"ఆయనకి స్టీరింగ్ పట్టుకుంటే కళ్ళు తిరుగుతాయని, ఎప్పుడూ సైకిలు మీదే తిరిగేవాడని ఒకసారి నువ్వే అన్నావు, నవ్వుతూ. బండి ఎవరు నడిపారు?"

"అప్పటికి మా పెళ్ళికి ఇంకో నెలుంది. నాకు పెళ్ళయ్యాక గానీ తెలీదు. మా అమ్మ మీదొట్టు, పెళ్ళయ్యాకే చెప్పారు."

"ఎవరు నడిపారు?"

"ఎవరు నడుపుతారు? ఇంట్లో నడపడం వచ్చింది ఒక్కరికే. మీ నాన్న పక్కన కూర్చున్నాడు. పోలీసులొచ్చేసరికి సీటు మారి కూర్చున్నాడు. అంతే. ఇంక అడక్కు."

"జైలు నుంచి ఎప్పుడొచ్చాడు?"

"తొందరగానే వచ్చాడు. నీకు అక్షరాలు నేర్పిస్తున్నాం అప్పుడు. మీ అన్నయ్య జైలు దగ్గరికే వెళ్ళి చేతులు పట్టుకుని బతిమాలాడు. అప్పుడప్పుడే స్కూలు వ్యాన్లు పెట్టాం. పిల్లల్ని దించే బండ్లు. ఇంట్లో జైలుకెళ్ళొచ్చిన మనిషి ఉన్నాడంటే ఏ తల్లి ఎక్కిస్తుంది పిల్లని? చెల్లి పెద్దదయ్యేదాకా రావద్దు నాన్నా, అన్నాడు. సరే అన్నాడట. మాట మీద నిలబడ్డాడు. నువ్వు పెద్దదానివయ్యాకే వచ్చాడు."

"వస్తే?"

"మీ ముద్రలాయన ఉన్నాడుగా, నువ్వే చదివావు. ఒకసారి దొంగ అని ముద్ర పడితే వాడు మారినా లోకం మారదని. అదే జరిగేది మనింట్లో. నేను ఒక్కదాన్నే చేశానా? అలా చేయించే లోకం ఉంది. మీ ఆత్మహత్యలాయన చెప్పాడు కదా, మనిషి చేసిందంతా మనిషి ఒక్కడే..."

"వాళ్ళని మధ్యలోకి తేకు వదినా. ఆయన్ని వెనక్కి పంపింది లోకం కాదు. నువ్వు."

"అవును. నేనే."

"ఏం చెప్పి పంపించావు?"

"ఏదో చెప్పాను."

"ఏదో అంటే?"

"గుర్తులేదు."

"చెప్పుల దగ్గర్నించీ వరస గుర్తుంది నీకు. ఇది గుర్తులేదా?"

"మీ అమ్మాయి లోపల గదిలో ఉంది, అన్నాను. నువ్వు పరీక్షలో ఉన్నావు గానీ, లోపలే ఉందన్నాను. కిటికీలోంచి మిమ్మల్ని చూసింది, గుర్తుపట్టింది, సిగ్గుగా ఉంది వెళ్ళిపొమ్మనండి అంటోంది, అన్నాను. ఇంకేం చెప్పినా మళ్ళీ వస్తాడే. ఇదొక్కటి చెప్తే రాడని నాకు తెలుసు."

"నేనన్నానని చెప్పావా? నా నోటితో?"

"నా దగ్గరికి రాకు. కొడితే కొట్టు, అలా చూడకు."

"ఏమన్నాడు?"

"మంచినీళ్ళు తాగుతున్నాడు, మిగతావి కూడా తాగాడు. గ్లాసుకి చెయ్యి చాపాను. గ్లాసు నేనే కడిగి పెడతానండీ, అన్నాడు. పెరట్లోకి వెళ్ళి కడిగి, బోర్లించాడు. బోర్లించి అడిగాడు, మా జడ్జిగారు పైన ఏం చదువుతారటండీ, అని."

"ఎవరు?"

"నువ్వే. చిన్నప్పుడు పీటమీద కూర్చుని గరిటెతో టకటకా కొడుతూ అందర్నీ నోరుమూయించేదానివట. అందుకని జడ్జిగారు అని పిలిచేవాడట."

"మళ్ళీ చెప్పు. ఎలా పిలిచేవాడు?"

"జడ్జిగారు అని. ఏంటే, అలా తెల్లబోయావు?"

"ఏం చదువుతానో చెప్పావా? ఎక్కడ చదువుతానో?"

"చెప్పాను. కాలేజీ పేరుతో సహా. అదొక్కటే నేను ఆ రోజు నిజం చెప్పింది. అదుగో, హారను. మీ అన్నయ్య వ్యాను. కళ్ళు తుడుచుకో తల్లీ. నీ కాళ్ళు పట్టుకుంటా, ఇవాళొక్క పూటకి ఏం జరగనట్టు ఉండు. రేపు నేనే మెల్లగా..."

"ముందుగది మొహం పెట్టుకోమంటావు."

"పెట్టుకో."

"సరే."

బయట వ్యాను ఆగింది. అన్నయ్య తాళాలు ఆడించుకుంటూ లోపలికి వచ్చాడు.

"టీ వాసన రాదేంటి ఇంట్లో? ఏరా బుల్లీ, అలా నిలబడ్డావేం?"

"రండి. కూర్చోండి."

"రండా! ఏమే, దీనికేమైంది?"

"హోంవర్కటండీ. కాలేజీలో ఇచ్చారట. సొంతింట్లో అద్దెకున్నట్టు ఉండాలట. వచ్చినప్పట్నించీ నన్నూ ఇలాగే చంపుతోంది. మీరు కాళ్ళు కడుక్కోండి, టీ తెస్తా."

"అద్దెకా? అంటే నేను ఓనర్నన్నమాట! బాగుంది బాగుంది. ఇదిగో అమ్మాయ్, మా ఇంట్లో కొన్ని రూల్సున్నాయి. పది దాటితే లైట్లార్పెయ్యాలి. బాత్రూములో పాటలు పాడకూడదు. ఇంకా, ఆఁ, చుట్టాలూ గిట్టాలూ ఎవరూ రాకూడదు."

"వస్తే గుమ్మంలోంచే పంపించేస్తారాండీ?"

"గుమ్మందాకా కూడా ఎందుకు, వీధిలోంచే!"

"మీ నాన్నగారైనా?"

"ఏంటి?"

"మీ నాన్నగారైనా వీధిలోంచే పంపించేస్తారా అని అడుగుతున్నానండీ. లేకపోతే జైలు దగ్గర్నించేనా?"

"ఏమే? ఏం చెప్పావు దీనికి?"

"దాన్నేమీ అనకండి. నేనే చెప్పాను. నోరు జారింది. నాకేం తెలుసు, అది హోంవర్కని!"

"నీకు బుద్ధుందా? ఇన్నేళ్ళు కాపాడుకొచ్చి..."

"దేన్ని కాపాడుకొచ్చారండీ?"

"నిన్ను! నిన్నేరా బుల్లీ. స్కూల్లో పిల్లలు నిన్ను ఏమని పిలిచుండేవాళ్ళో తెలుసా? జైలోడి కూతురని. ఆ పేరు పడనివ్వకూడదని..."

"వదిలేసి పోయినవాడి కూతురని పిలిచారు. అది ఫరవాలేదా?"

"అది కాదు నేననేది."

"ఆ రోజు బండి ఎవరు నడిపారండీ?"

"వాన పడుతోంది. ఆ సైకిలు వాడు సందులోంచి..."

"ఎవరు నడిపారని అడిగాను."

"నాన్నే అన్నాడు. నీ పెళ్ళుంది, నేను చూసుకుంటా, దిగు అన్నాడు. నేను వద్దన్నా. ఒకసారి కాదు, రెండుసార్లు వద్దన్నా."

"జైలు దగ్గర కూడా వద్దన్నారు కదండీ. అప్పుడు మాత్రం ఆయన విన్నారు."

"ఆపరా ఇక ఆ అండీ. హోంవర్క్ అయిపోయిందిగా."

"అయిపోయిందండీ. ఇప్పుడు నిజంగానే అంటున్నాను."

"అలా అనకు. నేను నీ అన్నయ్యని. భుజాలమీద ఎక్కించుకుని తిప్పాను నిన్ను."

"నిజమేనండీ. ఆయన తిప్పాల్సిన చోటల్లా మీరే తిప్పారు. వదినగారూ, ఆ చెప్పులు ఇటివ్వండి."

"ఎక్కడికే, చీకటి పడబోతుంటే?"

"కాలేజీకి."

"ఇప్పుడేముంది కాలేజీలో? ఏమండీ, ఆపండి దాన్ని. ఎక్కడని వెతుకుతావే ఆయన్ని? నేనన్న మాటకి ఊరే వదిలి వెళ్ళిపోయుంటాడు."

"నేనూ వెతికాన్రా బుల్లీ. ఒట్టు. రెండు మూడు చోట్ల అడిగించాను. ఎక్కడా లేడు."

"ఇంతసేపూ మీరిద్దరూ నన్నొకటి అడగలేదు. అద్దెకున్నవాళ్ళ మర్యాదలు నాకెవరు నేర్పారని."

"మీ మేడమ్ అన్నావు కదే?"

"మేడమ్ ఉండమంది, అంతే. ఎలా మాట్లాడాలో నాకు తెలీదు. రోజూ మా గేటు తాతని చూస్తాను కదా, ఆయన్నే దించేశాను. చెప్పులు చేత్తో పట్టుకోవడం, అడిగి కూర్చోవడం, అన్నీ ఆయనవే. టీ పోసిస్తే తాగి, గ్లాసు నేనే కడిగి పెడతానండీ అంటాడు. ఎంత అడిగినా ఇవ్వడు."

"ఒసేయ్..."

"ఆడపిల్లలందర్నీ అమ్మాయిగారూ అంటాడు. నన్నొక్కదాన్నే వేరేగా పిలుస్తాడు. క్లాసులో నా నోరు పెద్దది కదా, ఎవరో చెప్పి ఉంటారనుకున్నా."

"ఏమని? ఏమని పిలుస్తాడే?"

"రండి జడ్జిగారూ, అని."

"అమ్మో. ఏమండీ, నేను పోసిన టీ... రోజూ నేను పోసి పంపిన టీ..."

"ఒక గ్లాసు ఎక్కువే పోశారండీ. ఆ మేలు మర్చిపోను."

"అంటే ఇన్నాళ్ళూ ఆయనకి తెలుసా, నువ్వెవరో?"

"తెలుసండీ. నేను కూడా ఆయన్ని మొదటిరోజే గుర్తుపట్టాననీ, సిగ్గుపడి తెలియనట్టు ఉంటున్నాననీ అనుకుంటూనే నాకు గేటు తీస్తున్నాడు."